సైలెన్సర్‌కి చిల్లు పడితే ఇంట్లోనే మూసుకోవచ్చా?

బీచ్‌రోడ్ విశాఖ: మాది పన్నెండేళ్ళ పెట్రోల్ కారు. సముద్రపు గాలికి కింద అంతా తుప్పు. వారం నుంచి స్టార్ట్ చేస్తే ట్రాక్టర్ చప్పుడు. వంగి చూస్తే వెనక సైలెన్సర్ డబ్బాకి అతుకు దగ్గర చిటికెనవేలు పట్టేంత చిల్లు. నీళ్ళ ట్యాంకుకి పెట్టే ఎపాక్సీ ముద్దతో నేనే మూసేద్దామనుకుంటున్నా. తప్పా?

కుటుంబం ముందు: వద్దండీ. ఆ చిల్లులోంచి వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. ఏసీ వేసుకుని అద్దాలు ఎత్తుకుని వెళ్తుంటే తలనొప్పి, మగతగా మొదలవుతుంది. వెనక సీట్లో నిద్రపోయే పిల్లలకి అదీ తెలియదు. నాలుగు డబ్బుల కోసం ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు.

పాత పానా: పైన చెప్పిన భయం నిజమే, కానీ అన్ని చిల్లులూ ఒకటి కావు. ఎంత పెద్దదన్న దానికంటే ఎక్కడ పడిందన్నది ముందు చూడాలి. మానిఫోల్డ్ (ఇంజను నుంచి పొగ బయటికొచ్చే మొదటి గొట్టాలు) నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) దాకా ఉన్న భాగాన్ని ఇంట్లో ముట్టుకోకండి. అక్కడ వేడి వందల డిగ్రీలు. పైగా కన్వర్టర్‌కి ముందు, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. దాని ముందు చిల్లు పడితే బయటి గాలి లోపలికి చేరుతుంది. పెట్రోల్ తక్కువవుతోందని సెన్సర్ పొరబడుతుంది, ఇంజనుని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ఇంకా పోయిస్తుంది. మైలేజీ పడిపోతే జనం ప్లగ్గులు మారుస్తూ కూర్చుంటారు!

మీది వెనక డబ్బా కాబట్టి చేసుకోవచ్చు. ఎపాక్సీ ముద్ద మాత్రం ఆ వేడికి నిలవదు, సైలెన్సర్ పుట్టీ వేరే దొరుకుతుంది. ఆరుబయట, బండి పూర్తిగా చల్లారాక, వైర్ బ్రష్‌తో తుప్పు గీకండి. పుట్టీ రాసి, పైన రేకు ముక్క చుట్టి క్లిప్పులు బిగించండి. ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరకండి, స్టాండ్లు తప్పనిసరి. మొదలుపెట్టే ముందు చిల్లు చుట్టూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఇనుము ఖంగుమంటే అతుకు ఆగుతుంది.

కుటుంబం ముందు: అతుకు సరిగ్గా పడిందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

పాత పానా: చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, చేతికి గ్లౌజు వేసుకుని, తడిగుడ్డతో వెనక పైపుని రెండు మూడు సెకన్లు అడ్డండి. లీకుంటే కింద బుస్సుమంటుంది. చివర్లో నాలుగు నీటిబొట్లు కారితే కంగారు పడొద్దు, పెట్రోల్ మండితే నీళ్ళు పుడతాయి. దగ్గర దగ్గర తిరిగే బండిలో ఆ నీళ్ళు ఆవిరవ్వక డబ్బాలోనే నిలిచిపోతాయి. తుప్పు లోపలి నుంచి తినేది అందుకే.

బీచ్‌రోడ్ విశాఖ: పొద్దున పొడిచి చూశాను. స్క్రూడ్రైవర్ అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది. మూడు చోట్ల అంతే. ఇక అతుకు మాట లేదు. డబ్బా ఒక్కటే మార్చమని మెకానిక్‌ని అడుగుతాను. కన్వర్టర్ బాగానే ఉంది, దాన్ని విప్పనివ్వను.

పాత పానా: మంచి పని. కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి, విప్పితే మాయమవ్వొచ్చు. పని అయ్యేదాకా పక్కనే నిలబడండి. డబ్బాని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు కూడా కొత్తవి వేయించండి, పాతవి సాగిపోతే కొత్త డబ్బా ప్రతి గుంతకీ ఊగి అతుకు దగ్గరే విరుగుతుంది.