సిలిండర్ లేకుండా కెగ్‌లోనే బీరుకి గ్యాస్ పట్టించొచ్చా?

ఫ్రిస్కో_ఫణి:
అన్నలందరికీ నమస్తే. ఇంట్లో బీరు చేయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ సీసాల్లోనే నింపుతున్నా. అవి కడగలేక విసుగొచ్చి ఈసారి సెకండ్‌హ్యాండ్‌లో ఒక కార్నీ కెగ్ (స్టీల్ పీపా) కొన్నా, 5 గ్యాలన్లది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, దాని ప్రెషర్ సర్దే రెగ్యులేటర్ ఇంకా కొనలేదు. ఫెర్మెంటర్‌లో పేల్ ఏల్ రకం బీరు రెడీగా ఉంది, 18 లీటర్లు వస్తుంది. బీరు సాంద్రత, అదే గ్రావిటీ, 1.011 దగ్గర ఆగిపోయి కదలడం లేదు. సీసాలకి చేసినట్టే పంచదార వేసి మూత బిగించేస్తే సరిపోతుందా? సీసాలకి వేసేదాంట్లో సగమే వేయమని కొందరు, అంతా వేయమని కొందరు అంటున్నారు. పేలుతుందేమోనని మా ఆవిడ దాన్ని ఇంట్లోకి రానివ్వట్లేదు, గరాజ్‌లో పెట్టుకోమంటోంది. నెలాఖరుకి మా క్రికెట్ టీం అంతా ఇంటికొస్తోంది, అదీ టెన్షన్.

టాంపా_టైగర్:
సిలిండర్ కొనేయ్ బ్రో. 12 పీఎస్ఐ ప్రెషర్ పెట్టి ఫ్రిజ్‌లో వదిలేస్తే వారం, పది రోజుల్లో తాగేయొచ్చు. ఈ లెక్కలన్నీ ఎందుకు?

నురగ బాబాయ్:
ఫణీ, సిలిండర్ ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు కొంటావు. దానికోసం ఈ బ్యాచ్ ఆపక్కర్లేదు. నా దగ్గర సిలిండర్ ఉన్నా ఏల్స్ మాత్రం చక్కెరతోనే చేస్తా. మూత వేసేటప్పుడు లోపల చిక్కిన ఆక్సిజన్‌లో చాలావరకు ఈస్టే తినేస్తుంది. అన్ని రోజులూ ఫ్రిజ్‌లో చోటూ దండగ కాదు.

ఆ "సగం" మాట అందరి నోటా ఉంది కానీ లెక్కకి నిలబడదు. లీటరు బీరులో ఒక వాల్యూమ్ గ్యాస్, అంటే లీటరు గ్యాస్, పుట్టడానికి సుమారు 4 గ్రాముల చక్కెర కావాలి. 20 డిగ్రీల్లో పులిసిన బీరులో అప్పటికే 0.85 వాల్యూమ్ దాకా కరిగి ఉంటుంది. పేల్ ఏల్‌కి 2.4 చాలనుకుంటే ఇంకో ఒకటిన్నర పుట్టాలి. అంటే లీటరుకి 6 గ్రాములు, నీ 18 లీటర్లకి 108. సీసానా కెగ్గా అని ఈస్ట్ చూడదు. అయినా నేను 90 దగ్గర ఆగుతా. తక్కువైతే తర్వాత సిలిండర్‌తో కలుపుకోవచ్చు. ఎక్కువైతే మూత మీది రిలీఫ్ వాల్వ్ లాగి గ్యాస్ వదులుతూ కూర్చోవాలి, గ్లాసు నిండా నురగే. కెగ్ సగమే నింపితే మాత్రం ఈ లెక్క చెల్లదు, పైనున్న ఖాళీకే బోలెడు గ్యాస్ పోతుంది.

చక్కెరని కప్పు నీళ్లలో వేసి ఐదు నిమిషాలు మరిగించు. చల్లారాక ముందు కెగ్‌లో పోసి, దానిమీదికి బీరుని సైఫన్ చెయ్. పైపు చివర అడుగుకి ఆనాలి, చప్పుడు చేస్తూ పడకూడదు.

అందరూ చక్కెర గురించే కొట్టుకుంటారు కానీ అసలు చిక్కు మూత దగ్గర. కార్నీ మూత కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, లోపల్నుంచి ప్రెషర్ నెట్టితేనే రబ్బరు ఓ-రింగ్ మీద గట్టిగా కూర్చుంటుంది. ఈస్ట్ గ్యాస్ చేసేది మెల్లగా. ఆ మొదటి రోజుల్లో పుట్టిందంతా రింగ్ సందులోంచి పోతూనే ఉంటుంది, నీకు తెలియను కూడా తెలియదు. రెండు వారాలయ్యాక చప్పటి బీరు చేతిలో పెట్టుకుని, చక్కెర చాలలేదని ఇంకాస్త వేస్తారు! కాబట్టి కొత్త ఓ-రింగ్ వేసి, కెగ్ లూబ్ (గ్రీజు) సన్నగా రాయి. మూత బిగించాక బయటి గ్యాస్‌తో 30 పీఎస్ఐ దాకా ఒక్క దెబ్బ కొట్టు. ఒకటి రెండుసార్లు వాల్వ్ లాగి గాలి వదిలేసి మళ్లీ కొట్టు. తర్వాత సబ్బు నీళ్లు మూత చుట్టూ, గ్యాస్, బీరు పైపులు తగిలించే రెండు పోస్ట్‌ల దగ్గరా స్ప్రే చేసి టార్చ్ వేసి చూడు. ఆవగింజంత బుడగ ఒక్కచోటే మళ్లీ మళ్లీ పుడుతుంటే అదే లీకు. మూత తీసి అటుది ఇటు తిప్పి పెడితే చాలాసార్లు ఆగిపోతుంది.

సిలిండర్ లేదు కాబట్టి 16 గ్రాముల కార్ట్రిడ్జ్‌లు పట్టే హ్యాండ్ చార్జర్ కొను, మూతకి అది చాలు. గ్లాసుల్లోకి దించడానికీ గ్యాస్ కావాలని మర్చిపోకు. బీరులో కరిగిన గ్యాస్ మొదటి కొన్ని గ్లాసుల్ని నెడుతుంది కానీ, దాన్నే నమ్ముకుంటే మిగతా బీరు చప్పబడుతుంది. కెగ్ ఖాళీ అయ్యేసరికి మూడు నాలుగు కార్ట్రిడ్జ్‌లు అవుతాయి.

పేలుడు విషయం మీ ఆవిడకి ఇలా చెప్పు. 20 డిగ్రీల్లో 2.4 వాల్యూమ్స్ అంటే లోపల సుమారు 26 పీఎస్ఐ ఉంటుందంతే, కార్నీ కెగ్‌లు మామూలుగా 130 తట్టుకుంటాయి. నీ గ్రావిటీ కూడా ఆగిపోయింది, అంటే పులియడం అయిపోయినట్టే. పొద్దున దించిన కల్లుని సీసాలో పోసి బిరడా బిగిస్తే మధ్యాహ్నానికి ఏమవుతుందో మా నల్లగొండలో ఎవర్నడిగినా చెప్తారు, అది ఇంకా పులుస్తూనే ఉంటుంది కాబట్టి. టెక్సస్ ఎండల్లో గరాజ్‌లో మాత్రం పెట్టకు, బీరు రుచి పాడవుతుంది. బట్టల క్లోజెట్‌లో, 20-22 డిగ్రీల్లో, రెండు వారాలు.

మ్యూనిక్_మూర్తి:
బాబాయ్ గారు చెప్పింది ఏల్‌కి బాగుందండీ. ఇక్కడ జర్మనీలో 1516 నాటి బీరు శుద్ధి నియమం ఇంకా గట్టిగానే పట్టుకుంటారు, లాగర్‌లో చక్కెర వేస్తానంటే మనిషిని అదోలా చూస్తారు. అందుకే పులియడం పూర్తి కాకముందే మూసేస్తారు. ఒక్క గ్రావిటీ పాయింట్ (0.001) సుమారు అర వాల్యూమ్ గ్యాస్ ఇస్తుంది. ఆఖరి గ్రావిటీకి మూడు పాయింట్లు ఉందనగా కెగ్‌లోకి మార్చి, గ్యాస్ పోస్ట్‌కి స్పండింగ్ వాల్వ్ పెడితే ఎక్కువైంది అదే వదిలేస్తుంది. కాకపోతే ఆఖరి గ్రావిటీ ఎంతో ముందే తెలియాలి. ఫణిగారి బీరు అప్పుడే పులిసిపోయింది కాబట్టి ఈసారికి ఆ దారి లేదు.

గచ్చిబౌలి_99:
బాబాయ్, ఇదంతా హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో చేసుకోవచ్చా?

నురగ బాబాయ్:
వద్దు తమ్ముడూ. అక్కడ లైసెన్సు లేకుండా తయారు చేస్తే ఎక్సైజ్ కేసు. ఇక్కడ అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి బీరుకి దారి దొరికింది. ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే 200, అదీ అమ్మకూడదు. నువ్వు మైక్రోబ్రూవరీకి వెళ్లి తాగు.

ఫ్రిస్కో_ఫణి:
క్లోజెట్‌కి పర్మిషన్ దొరికింది బాబాయ్, కింద టబ్ పెట్టాలని షరతు. పార్టీ రోజు కెగ్‌ని పెరట్లోకి తీసుకెళ్లొచ్చా? అడుగున మడ్డి కదులుతుందేమో?

నురగ బాబాయ్:
కదులుతుంది. రెండు రోజుల ముందే ఫ్రిజ్‌లో పెట్టు, చలికి ఈస్ట్ అడుగున గట్టిపడుతుంది. పార్టీ ముందురోజు రాత్రి ఒక గ్లాసు తీసి పారబోయ్, మొదట వచ్చేదంతా మడ్డే. ఆ తర్వాత కెగ్‌ని ఫ్రిజ్‌లోంచి కదపకు, జనాన్నే ఫ్రిజ్ దగ్గరికి రమ్మను. పెరట్లోనే కావాలంటే ఫ్లోటింగ్ డిప్ ట్యూబ్ (బీరు మీద తేలే గొట్టం) వేసుకో, అది పైనుంచి తేట బీరే లాగుతుంది. కానీ అది బీరు నింపకముందే వేయాలి, ఇప్పుడే తెప్పించు. దాంతోపాటు, పోస్ట్‌లకి పైపుల్ని తగిలించే డిస్‌కనెక్ట్‌లు కూడా కొంటావుగా, బూడిద రంగుది గ్యాస్‌కి, నల్లది బీరుకి. తారుమారు చేసి నొక్కితే ఊడదీయడానికి ఇద్దరు మనుషులు కావాలి.