హార్త్‌స్టోన్‌లో నా కార్డులన్నీ మాయం, ఎవరైనా చూడండి ప్లీజ్

నిద్రలేని మేజ్ · ఉదయం 11:06
అన్నలూ అక్కలూ, ఎవరైనా మేలుకుని ఉంటే చూడండి. హార్త్‌స్టోన్ అనే ఈ ఆన్‌లైన్ కార్డుల ఆటలో నా కార్డులన్నీ పోయాయి. అన్నీ అంటే అన్నీ. 2018 నుంచి ఆడుతున్నా. రోజూ క్వెస్టులు చేసి, గోల్డు కూడబెట్టి, వందకో ప్యాక్ చొప్పున తెరుస్తూ పోగేసుకున్నవి. అక్కర్లేని కార్డులు విరగ్గొడితే డస్ట్ వస్తుంది కదా, అది 1600 పెట్టి మొట్టమొదటిసారి చేసుకున్న జిల్లియాక్స్ కార్డు కూడా లేదు. సాయంత్రం ఎనిమిది నుంచి దీని మీదే కూర్చున్నా. యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించా, మూడుసార్లు. ఫోన్ ఆపి ఆన్ చేశా. పాస్‌వర్డ్ మార్చా. వైఫై మార్చా. కుక్కర్లో పెట్టిన అన్నం ఇంకా అలాగే ఉంది. అకౌంటు నాదే, పేరు నాదే, పేరు పక్కన నంబరు కూడా అదే. కలెక్షన్ తెరిస్తే మాత్రం కొత్తగా చేరినవాడికి ఇచ్చే కార్డులే కనిపిస్తున్నాయి. ఏం చేశానో నాకే అర్థం కావట్లేదు.

ఒక్కమాట · 11:09
వైల్డ్‌లో చూడు.

నిద్రలేని మేజ్ · 11:11
చూశా అన్నా. అక్కడా లేవు.

గోదారి హంటర్ · 11:18
తమ్ముడూ, కంగారు పడకు. నాకూ ఒకసారి ఇలాగే గుండె జారింది. 2016లో ఆటని కొత్త సెట్లతో ఆడే స్టాండర్డ్, పాతవి కూడా వాడుకోగలిగే వైల్డ్ అని విడగొట్టారు కదా. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ కొన్ని పాత సెట్లు స్టాండర్డ్ నుంచి బయటికి పోతాయి. కార్డు పోదు, స్టాండర్డ్ డెక్కు కడుతున్నప్పుడు కనిపించదు, అంతే. నీ జిల్లియాక్స్ 2018లో వచ్చిన బూమ్స్‌డే సెట్టుది అయితే అది వైల్డ్‌లోనే ఉండాలి. 2024లో అదే పేరుతో ఇంకోటి వచ్చింది, భాగాలు మనమే ఎంచుకుని తయారు చేసుకునేది. నువ్వు చెప్పేది ఏది? కలెక్షన్‌లో పైన ఫిల్టర్ ఉంటుంది, అది మార్చి చూశావా, లేక డెక్కు లోపలి నుంచి చూశావా?

నిద్రలేని మేజ్ · 11:22
పాతదే అన్నా. ఫిల్టర్ మార్చే చూశా. ఆ ఒక్కటే కాదు, ఏవీ లేవు. నాలుగు వేల పైచిలుకు గోల్డు ఉండేది, అదీ లేదు. గోల్డుకి స్టాండర్డూ వైల్డూ ఉండవు కదా. ఉన్నవాటితోనే ఎలాగోలా ఒక డెక్కు కడదామని కొన్ని కార్డులు డస్ట్ కూడా చేసేశా. ఒక అరుదైన ఎపిక్ కార్డు మిగిలింది, దాన్నీ చేసేయనా?

డస్ట్ లెక్కల దామోదరం · 11:31
ఆగు! ముట్టుకోకు! ఈ గుంపులో నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా ఎవరూ వినరు. కామన్ కార్డు చేయాలంటే 40, విరగ్గొడితే వచ్చేది 5. ఎనిమిదో వంతు. రేర్ చేయడానికి 100, వచ్చేది 20, అంటే అయిదో వంతు. ఎపిక్‌కి 400 పెట్టి చేసినదానికి 100, లెజెండరీకి 1600 పెట్టి చేసినదానికి 400. నాలుగో వంతు. ఏ బజార్లో ఏ వస్తువు అమ్మినా ఇంత నష్టం రాదు. పాత ఇనప సామాన్లవాడు కూడా ఇంకాస్త మంచి ధర కడతాడు. విరగ్గొట్టడానికి ఒకే ఒక్క మంచి సమయం ఉంది: ఏదైనా కార్డుని బలహీనం చేశారనుకో, కొన్నాళ్ళపాటు దానికి పూర్తి డస్ట్ వెనక్కి ఇస్తారు. అప్పుడు విరగ్గొట్టు, మళ్ళీ కావాలంటే అదే డస్ట్‌తో చేసుకో. రెండు కంటే ఎక్కువ ఉన్న కార్డులుంటే సరే, మూడోది డెక్కులో ఎలాగూ పెట్టలేం. మిగతావి దాచుకో. నేను 2015లో తొందరపడి బొమ్మ కదిలే గోల్డెన్ రకం కామన్‌ని ఒకదాన్ని విరగ్గొట్టాను. 50 వచ్చింది. అదే చేయాలంటే 400. ఇప్పటికీ గుర్తొస్తే కడుపు మండుతుంది.

నిద్రలేని మేజ్ · 11:33
దామోదరం గారూ, కార్డులే లేవంటే దాచుకోమంటారేంటండీ.

పాత పేక రాయుడు · 11:38
అసలు సమస్య సంగతి తర్వాత. మనందరం తెలుగువాళ్ళం, ఇది తెలుగు గుంపు. "కార్డులు" అనేదేంటి, "డెక్కు" అనేదేంటి? పేక, ముక్క అని శుభ్రమైన మాటలు ఉన్నాయి. సంక్రాంతికి అరుగు మీద కూర్చుని ఆడినవాళ్ళెవరూ కార్డు అనరు. ముక్క వేయి, ముక్క తీయి, ముక్క పడలేదు. కట్టలో 30 ముక్కలు, మొదట ఆడేవాడి చేతికి మూడు, రెండోవాడికి నాలుగూ ఒక నాణెమూ. ఇలా చెప్తే మా మేనత్తకి కూడా ఆట అర్థమైంది. ఈ డస్ట్‌ని కూడా పొడి అంటే సరిపోతుంది.

గోదారి హంటర్ · 11:41
ముక్క అంటే మా ఇంట్లో బిర్యానీలోదే రాయుడు గారూ. "లెజెండరీ ముక్క దొరికింది" అంటే మా ఆవిడ ప్లేటు తీసుకొస్తుంది.

పాత పేక రాయుడు · 11:43
నవ్వండి. పదం వాడితేనే బతుకుతుంది.

డస్ట్ లెక్కల దామోదరం · 11:44
"పొడి" ఒప్పుకోను. పొడి అంటే కందిపొడి. నా పేరు మార్చుకోవాల్సి వస్తుంది.

కొత్తగా చేరా · 11:50
సార్, చిన్న సందేహం. తెలంగాణలో ఆన్‌లైన్ పేకాట బంద్ అన్నారు కదా. అందుకని తీసేశారేమో? మా నాన్న నా ఫోన్లో ఈ ఆట చూసి రెండు రోజులుగా మాట్లాడట్లేదు.

షామన్ అక్క · 11:58
లేదు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు సవరించి ఆపింది డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటల్ని. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా ముఖ్యంగా డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల మీదే. ఇక్కడ గెలిస్తే వచ్చేది నక్షత్రం, ఓడితే పోయేది నక్షత్రం. ప్యాక్‌లు కొంటే డబ్బు పోతుంది కానీ తిరిగి రాదు, కాబట్టి ఆ బాధ కూడా లేదు. నాన్నగారి ఎదురుగా ఒక ఆట ఆడి చూపించు, జోకర్ కోసం అడుగుతారు, లేదనగానే ఆయనకే విసుగొస్తుంది.

ఇప్పుడు మేజ్ తమ్ముడి సంగతి. ఇందాకటి నుంచి నాకొకటి వింతగా ఉంది. నువ్వు పోస్టు పెట్టింది పొద్దున పదకొండింటికి. "సాయంత్రం ఎనిమిది నుంచి" అంటున్నావు, "మేలుకుని ఉంటే" అంటున్నావు, అన్నం కుక్కర్లోనే ఉందంటున్నావు. నువ్వు ఎక్కడున్నావు?

నిద్రలేని మేజ్ · 12:01
డాలస్‌లో అక్కా. ఎమ్మెస్‌కి వచ్చా, మూడు వారాలైంది. ఎందుకు?

ఒక్కమాట · 12:02
అది ముందు చెప్పాలి.

షామన్ అక్క · 12:04
ఫోన్ కూడా మార్చావా?

నిద్రలేని మేజ్ · 12:07
అవును, ఇక్కడికొచ్చాక కొత్తది తీసుకున్నా. పాతది తమ్ముడికి ఇచ్చి వచ్చా. కొత్త ఫోన్లో ఆట ఎక్కించి లాగిన్ అయితే మొదటి పాఠాలన్నీ మళ్ళీ ఆడించింది, ఏదో అప్‌డేట్ అనుకుని ఆడేశా. దానికీ దీనికీ ఏంటి సంబంధం? అకౌంటు అదే కదా.

షామన్ అక్క · 12:15
ఉన్న సంబంధమంతా అదే. హార్త్‌స్టోన్‌లో అకౌంటు ఒకటే, కానీ అమెరికాస్, యూరప్, ఏషియా అని మూడు రీజియన్లు ఉన్నాయి. ఒక్కో దాంట్లో కార్డులు వేరు, గోల్డు వేరు, డస్ట్ వేరు, ర్యాంకు వేరు. ఒకే తాళంచెవి, మూడు ఇళ్ళు అనుకో. సామాను ఒక ఇంట్లో ఉంది, నువ్వు ఇంకో ఇంట్లో నిలబడి ఏడుస్తున్నావు. పాఠాలు మళ్ళీ ఆడించిందంటేనే నువ్వు అడుగుపెట్టింది కొత్త ఇంట్లో అని. ఇండియాలో ఉన్నప్పుడు ఏ రీజియన్‌లో ఆడేవాడివి?

నిద్రలేని మేజ్ · 12:19
అయ్యో. అకౌంటు మా బావ పెట్టిచ్చాడు. అతను అప్పట్లో కొరియాలో ఉండేవాడు, కలిసి ఆడొచ్చని ఏషియా పెట్టినట్టు గుర్తు. మొన్న ఇక్కడ అడిగితే అమెరికాలో ఉన్నా కదా అని అమెరికాస్ నొక్కా.

గోదారి హంటర్ · 12:21
దొరికాడు దొంగ. ఏషియా సర్వర్లో భద్రంగా ఉంటాయి.

మూడో మానా · 12:26
సర్వరు కాదు, రీజియన్. సర్వరు అంటే యంత్రం. ఒక రీజియన్ వెనక ఎన్ని యంత్రాలైనా ఉండొచ్చు. ఈ తేడా తెలియకే జనం "సర్వరు మారితే కార్డులు పోతాయి" అని భయపడతారు. ఇంకో మాట, ఏషియా అంటే చైనా కూడా అందులోనే ఉందనుకుంటారు చాలామంది. చైనాది పూర్తిగా వేరు. అక్కడ 2023 జనవరిలో ఆట మూతపడి, 2024 సెప్టెంబరులో మళ్ళీ తెరుచుకుంది. ఆ మధ్య కాలమంతా కొరియా, తైవాన్ వాళ్ళు ఏషియాలో మామూలుగా ఆడుతూనే ఉన్నారు.

గోదారి హంటర్ · 12:28
పదేళ్ళుగా అందరూ సర్వరనే అంటున్నారు బాబూ.

మూడో మానా · 12:29
అందరూ అంటే ఒప్పయిపోదు.

పాత పేక రాయుడు · 12:31
ప్రాంతం అనండి, గొడవ లేదు.

నిద్రలేని మేజ్ · 12:33
ఎలా మార్చాలో ఎవరైనా చెప్పండి, తర్వాత కొట్టుకోండి.

షామన్ అక్క · 12:38
ముందు ఆటలోంచి లాగౌట్ అవ్వు. యాప్ మూసేస్తే చాలదు, లాగౌటే అవ్వాలి. మళ్ళీ లాగిన్ అయ్యే ముందు వచ్చే తెరలో రీజియన్ మార్చుకునే చోటు ఉంటుంది, ఏషియా పెట్టి, అదే మెయిల్‌తో లాగిన్ అవ్వు. నీ ఫోన్లో ఆ మాట ఎక్కడ ఉంటుందో నేను చూడకుండా చెప్పలేను, పళ్ళచక్రం గుర్తు దగ్గర వెతుకు. కంప్యూటర్లో అయితే ఇంకా సులువు: లాంచర్లో ప్లే బటన్ దగ్గరే గ్లోబు బొమ్మ ఉంటుంది, అది నొక్కి మార్చడమే. డాలస్ నుంచి ఏషియాలో ఆడితే ఆలస్యమవుతుందేమో అని బెంగ పెట్టుకోకు. ఇదేం తుపాకులాట కాదు, ఒక్కో టర్నుకి నిమిషం పైన టైముంటుంది. అర సెకను అటూ ఇటూ అయితే ఏం కాదు.

డస్ట్ లెక్కల దామోదరం · 12:41
ఇక్కడే నా మాట గుర్తు చేసుకోండి. అమెరికాస్‌లో విరగ్గొట్టినవి అమెరికాస్‌లోనే విరిగాయి. ఏషియాలో డస్ట్‌గా రావు. ఏ ప్రాంతంలో అయినా కామన్‌కి ఎనిమిదో వంతే.

నిద్రలేని మేజ్ · 12:44
అక్కా, ఇంకోటి. చెప్పడం మర్చిపోయా. నిన్న టెన్షన్లో, డబ్బులు పెట్టి ఒక ప్యాకుల బండిల్ కొన్నా. కొంటే పాతవి కూడా వచ్చేస్తాయేమో అని ఏదో పిచ్చి ఆలోచన. అవి ఏషియాకి వస్తాయా?

ఒక్కమాట · 12:45
రావు.

గోదారి హంటర్ · 12:47
ఎంత పెట్టావు తమ్ముడూ?

నిద్రలేని మేజ్ · 12:48
అడగకండి అన్నా. అద్దె ఇంకా కట్టలేదు.

షామన్ అక్క · 12:52
యాప్ స్టోరులో రీఫండ్ అడిగి చూడు. ప్యాకులు తెరిచేశావు కాబట్టి ఇస్తారని నేను మాటివ్వలేను. ఇవ్వకపోతే ఆ అమెరికాస్ ఇంటిని కూడా ఉంచుకో. అక్కడ ఆడే స్నేహితులు దొరికితే పనికొస్తుంది. ఎవరితో కలిసి ఆడాలన్నా ఇద్దరూ ఒకే రీజియన్‌లో ఉండాలి.

మూడో మానా · 12:54
రీజియన్ అన్నారు. సంతోషం.

నిద్రలేని మేజ్ · మధ్యాహ్నం 1:13
వచ్చేశాయి. జిల్లియాక్స్ ఉంది, గోల్డు ఉంది, అన్నీ ఉన్నాయి. థాంక్స్ అక్కా, థాంక్స్ అందరికీ. ఇక్కడ రాత్రి మూడవుతోంది, తొమ్మిదికి క్లాసు. అన్నం మాడిపోలేదు కానీ చల్లారిపోయింది, పెరుగేసుకుని తిని పడుకుంటా.

డస్ట్ లెక్కల దామోదరం · 1:20
ఆ ఎపిక్ విరగ్గొట్టలేదు కదా?

పాత పేక రాయుడు · 1:34
"మలిగన్"కి మంచి తెలుగు మాట ఎవరికైనా తోస్తే చెప్పండి. ముక్కలు మార్చుకోవడం అంటే పొడుగైపోతోంది.

కొత్తగా చేరా · సాయంత్రం 6:02
అక్కా, నాన్నకి ఆడి చూపించా. జోకర్ సంగతి అడగలేదు. ఇప్పుడు ఫోన్ ఆయన దగ్గరే ఉంది.

బెజవాడ వార్‌లాక్ · రాత్రి 9:47
నాదీ సేమ్ సమస్య. కార్డులు లేవు. నేను విజయవాడ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు, రీజియన్ మార్చలేదు. అన్నీ ప్రయత్నించా. ఎవరైనా హెల్ప్ చేయండి.