నంబాట్‌ను బతికించడానికి పిల్లులకు విషం పెట్టడం సరైనదేనా?

రమణ_పెర్త్: ఆదివారం పిల్లల్ని తీసుకుని డ్రయాండ్రా అడవికి వెళ్లాం. నాలుగు గంటలు తిరిగినా ఒక్క నంబాట్ కనిపించలేదు. కాస్త పెద్ద ఉడుతంత ఉంటుంది, వీపు మీద తెల్ల చారలు. పగలే తిరుగుతూ రోజుకు 20,000 దాకా చెదపురుగుల్ని తింటుంది. వెస్ట్రన్ ఆస్ట్రేలియా రాష్ట్ర జంతువు ఇదే. 1970ల చివరికి డ్రయాండ్రాలో, పెరుప్ అడవిలో మాత్రమే మిగిలింది. దాన్ని వేటాడే నక్కలకు విషపు ఎరలు పెట్టాక డ్రయాండ్రాలో పెరిగింది. తర్వాత అడవిపాలైన పిల్లులు ఎక్కువై మళ్లీ తగ్గిపోయింది. పిల్లులకూ ఎరలు పెట్టాల్సిందే అంటాను.

సుజాత_కె: పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మా అమ్మమ్మ చెప్పేది. అది పక్కన పెట్టండి. రెండేళ్ల క్రితం మా కుక్క టామీ ఒక పొలం గట్టున ఎర తింది. ఆ విషానికి విరుగుడు లేదు. నా ఒళ్లోనే గిలగిల కొట్టుకుంది.

కిరణ్77: నంబాట్‌కు పొట్ట దగ్గర సంచి ఉండదు కదా. మరి దాన్ని కంగారూలాంటి సంచి జంతువుల్లో ఎలా కలుపుతారు?

రమణ_పెర్త్: కిరణ్, సంచి లేకపోయినా పిల్లలు తల్లి చనుమొనలు పట్టుకునే పెరుగుతాయి. సుజాత గారూ, ఆ ఎరల్లో పెట్టే 1080 అనే విషం ఇక్కడి గాస్ట్రోలోబియం మొక్కల్లో సహజంగానే ఉంటుంది. తరతరాలుగా వాటి మధ్య బతికిన జంతువులు చాలావరకు తట్టుకుంటాయి. బయటి నుంచి వచ్చిన నక్క, పిల్లి, కుక్క తట్టుకోలేవు. అందుకే బోర్డులు పెడతారు.

సుజాత_కె: బోర్డు చూడలేదా అని ఆ రోజు అందరూ అడిగారు. ఇప్పుడు మీరూ అదే అడిగారు.

వెంకట్_గుంటూరు: కంచె వేస్తే సరిపోదా? మౌంట్ గిబ్సన్ అభయారణ్యంలో 7,800 హెక్టార్ల చుట్టూ వేసి లోపల నంబాట్‌లను వదిలారుగా.

కిరణ్77: సంచి లేనప్పుడు ఆ పేరెందుకు అన్నదే నా ప్రశ్న.

రమణ_పెర్త్: వెంకట్, రాష్ట్రం మొత్తానికి కంచె వేయగలమా? కంచె బయట ఉన్నవాటి గతేంటి? సుజాత గారూ, మీ పిల్లి రాత్రంతా బయటే తిరుగుతుందని పోయిన నెల మీరే రాశారు. అది ఏం చంపుతోందో ఎప్పుడైనా చూశారా?

సుజాత_కె: మా ఇంటి దాకా వచ్చారా! చంపొద్దని నేను ఎక్కడన్నాను? పైన చదవండి, ఒక్కసారి కూడా అనలేదు. పిల్లుల్ని ఓడల్లో తెచ్చింది మనుషులు. విషం తాగేది అవి. ఇంత చేస్తూ అదేదో పుణ్యకార్యమన్నట్టు రాస్తున్నారే, అదే నాకు మింగుడుపడట్లేదు.

రమణ_పెర్త్: పుణ్యం కాదండీ. పాపమే. చేయకపోతే నంబాట్ పోతుంది, అది ఇంకా పెద్ద పాపమని నా బాధ.

సుజాత_కె: ఈ మాట మీ మొదటి పోస్టులో లేదు. మా టామీ పోయిన రోజు కూడా ఎవరూ అనలేదు.