కట్టెల బాయిలర్ పోతే కార్మికుల సంగతేమిటి?

చర్చ మొదలుపెట్టినవారు: చిత్తూరు వాసి
మా దగ్గర తోతాపురి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీ కట్టెల బాయిలర్ తీసేసి, మామిడి తొక్కలు కుళ్లబెట్టి తీసే గ్యాసుతో కొత్తది నడపాలనుకుంటోంది. కార్మిక సంఘం ఒప్పుకోవాలా, అడ్డుకోవాలా?

బంగారుపాళెం రైతు
అడ్డుకుంటే మునిగేది మేము. 2025లో ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ప్రకటించింది. ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం కలిపేది 4. ఆ 8 కోసం ట్రాక్టర్లతో గేటు ముందు పడిగాపులు కాశాం. ఇంధనం ఖర్చు తగ్గితేనైనా కాయకు ధర పెంచమని అడగగలం.

కాయ కోసే కార్మికురాలు
అన్నా, మీ ట్రాక్టరు గేటు బయట ఆగినప్పుడు నేను లోపల కాయ కోస్తున్నాను. పదకొండు సీజన్లుగా ఇదే పని. సొన తగిలి వేళ్ల సందుల్లో తోలు ఊడుతుంది, రాత్రి అన్నం కలుపుకుంటే భగ్గున మండుతుంది. కట్టెల పొగ పీల్చేదీ మేమే. ఆ బాయిలర్ పోవాలనే నేనూ కోరుకుంటున్నాను.

కానీ మా షిఫ్టులో కట్టెలు మోసి పొయ్యిలో వేసేవారు ఆరుగురు. కొత్తదానికి ఇద్దరు చాలట. మిగిలిన నలుగురికి చట్టం ఏమిస్తుంది? తొలగింపు పరిహారానికి ఏడాదిలో 240 రోజుల పని ఉండాలి. మన సీజను ఎంత లాగినా మూడు నెలలు. ఎన్నేళ్లు చేసినా ఆ లెక్క నిండదు. అందుకే మాకు దిక్కు ఒప్పందమే, అదీ బాయిలర్‌కు ఆర్డరు ఇవ్వకముందే. తొక్కలు వేరుచేసి గ్యాసు తొట్టికి చేర్చే పని ముందు ఆ నలుగురికే ఇవ్వాలి, గ్యాసు పనిలో శిక్షణ ఇప్పించాలి, వచ్చే సీజనుకు పేర్లు రాసిపెట్టాలి. వాతావరణంపై 2015 పారిస్ ఒప్పందం పీఠికలోనే కార్మికులకు న్యాయం జరిగేలా మార్పు ఉండాలని రాశారు. మేము కొత్తగా కోరుతున్నదేమీ లేదు.

పర్మనెంటు ఉద్యోగి
న్యాయమే అమ్మా. కానీ సీజను కార్మికులు మా సంఘంలో సభ్యులు కారు. చందా కట్టనివారి తరఫున యాజమాన్యంతో ఎలా మాట్లాడగలం?

కాయ కోసే కార్మికురాలు
సభ్యత్వం ఇవ్వమని రెండేళ్లు వరుసగా అడిగాను అన్నా. ఏడాది చందా ఒకేసారి కట్టాలన్నారు. పని ఉన్న మూడు నెలలకు తీసుకోండి, కూలి అందిన రోజే కడతాం. జూన్‌లో మొదటి లోడు దిగేలోపు మా పేర్లు మీ పుస్తకంలో ఉండాలి.