రాజకీయాల్లో ఉప్పూ నిప్పూ అయిన సహోద్యోగులు ప్రేమలో పడాలంటే ఎవరో ఒకరు ఓడిపోవలసిందేనా?

ప్రశ్న | పదిహేనో అధ్యాయం

నమస్కారం. నేను రెండేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. అనుకున్న 22 అధ్యాయాల్లో 14 పూర్తయ్యాయి కానీ, ఆ తర్వాతి అధ్యాయం దగ్గర మూడు నెలలుగా కలం కదలడం లేదు.

నగర రవాణా మీద నివేదికలు తయారుచేసే ఒక కార్యాలయంలో ఇద్దరు విశ్లేషకులు పక్కపక్క బల్లల దగ్గర పనిచేస్తారు. బస్సులు ప్రభుత్వం చేతిలోనే ఉండాలనీ, లాభం వచ్చే రూట్ల ఆదాయంతో నష్టం వచ్చే రూట్లను నడపడమే ప్రజారవాణా అన్న మాటకు అర్థమనీ ఆమె నమ్ముతుంది. రూట్లను టెండర్లకు ఇచ్చి, తక్కువ ఖర్చుతో నడపగలిగిన వారికి అప్పగించి, పేదవారికి ఇవ్వదలచిన రాయితీని నేరుగా వారి చేతికే ఇవ్వాలని అతను నమ్ముతాడు. బస్సులతో మొదలైన వాదన పన్నుల మీదికి, కార్మిక సంఘాల మీదికి, చివరకు ఎన్నికల మీదికి పాకుతుంది. ఇద్దరూ వేర్వేరు పార్టీలకు ఓటు వేస్తారు, ఆ సంగతి కార్యాలయంలో అందరికీ తెలుసు. పదో అధ్యాయం దాకా ఒకరంటే ఒకరికి పడదు. ఆ తర్వాత ఒకే నివేదిక మీద ఇద్దరూ సంతకం చేయవలసి వస్తుంది, అక్కడి నుంచి దగ్గరవుతారు.

14వ అధ్యాయం చివర ఆమె అతనితో 'నువ్వు చెప్పేదాంట్లోనూ నిజం ఉందేమో' అంటుంది. నేను దాన్ని మనసు విప్పిన మాటగా రాశాను. చదివిన ముగ్గురిలో ఇద్దరు దాన్ని లొంగుబాటుగా చదివి, 'పాపం, ఓడిపోయింది' అన్నారు. సరేనని అదే మాటను అతని నోట పెట్టి చూస్తే అతను ఓడిపోయాడు. ఇద్దరి చేతా అనిపిస్తే చర్చావేదికలో అధ్యక్షుల వారి ముగింపు ప్రసంగంలా తయారైంది. మూడో పాఠకురాలైతే మొహమాటం లేకుండా, 'అందగాడన్న మాట తప్పిస్తే ఇతన్ని ఆమె ఎందుకు ప్రేమిస్తుందో నాకు బోధపడలేదు' అని రాసి పంపారు.

ఇద్దరిలో ఎవరి అభిప్రాయమూ మారకుండా ఈ వైరం ప్రేమగా మారే దారి ఉందా? ఉంటే, ఆ బరువును ఏ సన్నివేశం మోయాలి?

జవాబు 1 | ఎర్రసిరా

చాలా ఏళ్ళుగా ఇతరుల రాతప్రతులు దిద్దే పనిలో ఉన్నాను. మీ చిక్కు 14వ అధ్యాయంలో లేదు, మొదటి మూడు అధ్యాయాల్లో ఎక్కడో ఉందని నా అనుమానం. అక్కడ వారు ఒకరినొకరు ఏమని తిట్టుకుంటున్నారో ఒక్కసారి చూసుకోండి. 'మీ లెక్క తప్పు' అనడం వేరు, 'మీలాంటి వారికి మనుషులు కనపడరు, అంకెలే కనపడతాయి' అనడం వేరు. మొదటిది కోపం, దాని నుంచి ప్రేమకు దారి ఉంటుంది. రెండోది తిరస్కారం. దంపతుల మాటతీరును దశాబ్దాలపాటు గమనించిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్, కాపురాలను కూల్చేవాటిగా నాలుగింటిని చెప్పారు: వ్యక్తిత్వం మీద విమర్శ, తిరస్కారం, తప్పు తనది కాదని సమర్థించుకోవడం, మాట్లాడకుండా గోడ కట్టుకోవడం. నాలుగింటిలోనూ విడాకులను అన్నిటికన్నా బలంగా సూచించేది తిరస్కారమేనని ఆయన తేల్చారు. ఈ తరహా ప్రేమకథలు రాసే కొత్తవారు కారాలు మిరియాలు నూరించే ఉత్సాహంలో పాత్రల చేత సరిగ్గా ఆ తిరస్కారాన్నే పలికించి, ఆ తర్వాత వాన కురిపించి, లిఫ్టు ఆపించి, దాన్ని కడిగేయాలని చూస్తారు. అది కడిగితే పోయే మరక కాదు.

ఇక బరువు మోయవలసిన సన్నివేశం. అభిప్రాయం ఒప్పా తప్పా అన్న చోట దాన్ని వెతికితే మీకు దొరకదు. తన పక్షం అన్యాయంగా గెలిచే అవకాశం ఉన్నప్పుడు ఆ మనిషి ఏం చేస్తాడన్న చోట వెతకండి. ఉదాహరణకు, మర్నాడు ఉదయం కమిటీ సమావేశం ఉందనుకోండి. రాత్రి ఎనిమిదిన్నరకు అతను ఆమె తయారుచేసిన పట్టిక చదువుతున్నాడు. 17వ వరుసలో ఆసుపత్రి వైపు వెళ్ళే రాత్రి బస్సుకు నెలసరి ప్రయాణికులు 4,120 ఉండవలసింది, ఒక సున్నా జారిపోయి 412 అని పడింది. తప్పు ఆమెది, లాభం అతనిది. ఆ అంకె అలాగే కమిటీ ముందుకు వెళితే 'ఖాళీ బస్సులు నడుపుతున్నారు' అన్న అతని వాదన వేరే సాక్ష్యం అక్కరలేకుండా నెగ్గుతుంది. అతను ఆమె బల్ల దగ్గరకు వెళ్ళి, '17వ వరుస చూడండి, ఒక సున్నా పోయింది' అంటాడు. అంతే. ఇక్కడ అతని చేత ఒక గొప్ప మాట చెప్పించాలని మీ చెయ్యి ఉవ్విళ్ళూరుతుంది. చెప్పించకండి, బ్యాగు తీసుకొని వెళ్ళిపోనివ్వండి. ఆమె కూడా కృతజ్ఞతతో కరగకూడదు. ఆ తప్పు తనకంటే ముందు అతని కంట పడినందుకు ఒళ్ళు మండాలి, పట్టికలో మిగతా వరుసలన్నీ అర్ధరాత్రి దాకా సరిచూసుకోవాలి. మర్నాడు అతను అదే సరైన అంకెతో, అదే కమిటీ ముందు, ఆమెకు ఎదురు వాదించాలి. వీలైతే గెలవాలి కూడా.

ఆమె వంతు దీనికి అద్దంలా ఉండకూడదు. అతనికీ ఒక పట్టిక, దానిలో ఒక తప్పు, అంటే పాఠకుడు వేలితో చూపించి నవ్వుతాడు. ఆమె స్నేహితులంతా ఆమె పార్టీ వారే కదా. భోజన విరామంలో వారు అతన్ని ఎగతాళి చేస్తూ, అతను ఎప్పుడూ అనని మాట ఒకటి అతనికి అంటగడతారు. ఆమె చెంచా కింద పెట్టి, 'అతను అన్నది అది కాదు' అని, అతని వాదనను అతని కంటే శుభ్రంగా చెప్పి, ఆ వెంటనే అది ఎందుకు పొరపాటో కూడా చెబుతుంది. బల్ల చుట్టూ నిశ్శబ్దం. నా దృష్టిలో మీ నవలలో ప్రేమ ప్రకటన అదే. అతను అప్పుడు అక్కడ ఉండకూడదు, ఆ సంగతి అతనికి ఎన్నటికీ తెలియకపోయినా నష్టం లేదు.

జవాబు 2 | పాత పాఠకురాలు

పైన చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. మీరు ఎంచుకున్న విభేదం బస్సులు ఎవరు నడపాలన్నది. ఇద్దరూ కోరేది జనం సమయానికి ఇల్లు చేరాలనే, తేడా అంతా దారి గురించి. అందుకే ఈ ప్రేమ సాధ్యం. అదే ఒకరి రాజకీయం రెండో వారికి సమాన హక్కులే ఉండకూడదన్నదైతే, మీరెన్ని సున్నాలు సరిదిద్దించినా ఆమె ప్రేమ ఆత్మవంచనలాగే చదువుకుంటాం. ఆ కథ రాయకూడదని కాదు, కానీ అది ప్రేమకథ కాదు. ఈ కోవలో ఎన్నో కథలు విభేదం ఏమిటో చెప్పకుండా దాటవేస్తాయి. 'అతని రాజకీయాలు నాకు నచ్చవు' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టి, ఏ పార్టీ, ఏ చట్టం, ఏ పన్ను అన్నది మాత్రం చెప్పవు. ఏ పాఠకుణ్ణీ నొప్పించకూడదన్న ఆ భయంలో పాత్రలు ఇద్దరూ అట్టబొమ్మలైపోతారు. మీరు ఆ గోతిలో పడలేదు, సంతోషం.

ఒకే పార్టీలోకి రాకుండానే నిలిచిన జంట కావాలంటే నిజ జీవితంలోనే ఉంది. 1992 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో జేమ్స్ కార్‌విల్ బిల్ క్లింటన్ ప్రచారానికి ప్రధాన వ్యూహకర్త. మేరీ మాటలిన్ ఎదుటి పక్షాన జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ ప్రచారంలో కీలక పదవిలో ఉన్నారు. 1993లో వారిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఆ పెళ్ళి వారిని ఒకే పార్టీలోకి తేలేదు. అయితే ఒక మెలిక ఉంది, వారు ఆ ఎన్నికలకు ముందే సన్నిహితులు. కాబట్టి అది శత్రువులు ప్రేమికులైన కథ కాదు, ప్రేమికులు కొన్ని నెలలపాటు వృత్తిరీత్యా ప్రత్యర్థులైన కథ. మీకు పనికివచ్చేది ఆ తర్వాతి భాగమే. గెలిచిన రాత్రి గెలిచినవారు ఇంట్లో ఎలా మెలగాలి? మీ చివరి అధ్యాయాల్లో ఒక ఎన్నికల ఫలితం ఉందా? లేకపోతే పెట్టండి.

మరొక మాట, కొంచెం కోపంగానే అంటున్నాను. ఈ కథల్లో మెట్టు దిగేది నూటికి తొంభై పాళ్ళు ఆడపాత్రే. మీ పాఠకులకు 14వ అధ్యాయంలో గుచ్చుకున్నది ఆ ఒక్క వాక్యం కాదు, ఆ వాక్యాన్ని ఇప్పటికి వందసార్లు చదివి ఉన్న అలసట.

జవాబు 3 | తరగతి గది

నేను మనస్తత్వ శాస్త్రం బోధిస్తాను. మీ మూడో పాఠకురాలి 'ఎందుకు ప్రేమిస్తుంది' అన్న ప్రశ్నకు కొంత దగ్గరగా వచ్చే ప్రయోగం ఒకటి ఉంది. 1965లో ఇలియట్ ఆరన్సన్, డార్విన్ లిండర్ దాన్ని ప్రచురించారు. అందులో పాల్గొన్న ఒక్కొక్కరూ ఒక అపరిచితురాలితో ఏడుసార్లు మాట్లాడతారు. ప్రతిసారీ తమ వెనక ఆమె తమ గురించి ఏమంటోందో వారి చెవిన పడేలా ఏర్పాటు చేశారు. కొందరు మొదటి నుంచి చివరి దాకా పొగడ్తే విన్నారు, కొందరు తెగడ్తే విన్నారు. ఇంకొందరికి పొగడ్త మెల్లగా తెగడ్తగా మారింది, మిగిలినవారికి తెగడ్త మెల్లగా పొగడ్తగా మారింది. ఆమెను అందరికంటే ఎక్కువగా ఇష్టపడినవారు ఈ చివరి గుంపువారు, మొదటి నుంచీ పొగడ్త విన్నవారి కంటే కూడా ఎక్కువగా. మెచ్చుకోలు ఊరికే రాదని తెలిసిన మనిషి నోట వచ్చినప్పుడే దానికి విలువ అన్నమాట. మీ పది అధ్యాయాల కయ్యం వృథా కాలేదు, ఒక విధంగా అది పెట్టుబడి.

అయితే ఆ మార్పు ఒక్కసారిగా రాలేదు, విడత విడతగా వచ్చింది. మీరు దాన్నంతా ఒకే వాక్యంలో కుక్కారు. పైగా వారు ఆ మాటలను చాటుగా విన్నారు. అందుకే ఎర్రసిరా గారితో ఒక్క చోట విభేదిస్తున్నాను. ఆ భోజనం బల్ల సన్నివేశంలో అతను గుమ్మం అవతల ఉండాలి, వినాలి, లోపలికి రాకుండా వెనుదిరగాలి. ఇంతకుమించి ఈ ప్రయోగం మీద బరువు మోపకండి. అది కొలిచింది ఇష్టాన్ని, ప్రేమను కాదు.

జవాబు 4 | పక్క బల్ల

నేను రచయితను కాను. నాకూ నా భార్యకూ పరిచయం ఒకే కార్యాలయంలో, ఎదురెదురు పార్టీల అభిమానులుగా, మొదటి ఏడాదంతా ఎడమొహం పెడమొహంగా జరిగింది. పెళ్ళై పదకొండేళ్ళు అయింది. ఆమె ఓటు మారలేదు, నాదీ మారలేదు. నేను తెప్పించే పత్రిక సంపాదకీయంలో ఆమెకు ఒళ్ళు మండించిన వాక్యాల కింద పెన్సిలుతో గీతలు గీసి పెడుతుంది. మొదట్లో చిరాకు పడేవాణ్ణి, ఇప్పుడు ఆ గీతలున్న చోట్లే ముందు చదువుతున్నాను. ఏ రోజైనా గీతలు లేకపోతే ఒంట్లో బాగాలేదేమోనని అడుగుతాను.

మీకు చెప్పదలచింది రెండు విషయాలు. మొదటిది, మీ పాత్రలిద్దరూ ఎప్పుడు 'మీరు' నుంచి 'నువ్వు'కు వచ్చారు? 14వ అధ్యాయంలో ఆమె అతన్ని 'నువ్వు' అంటోంది, మీరు ఆ సంగతిని గమనించినట్టు లేదు. మా విషయంలో మొదటి 'నువ్వు' ప్రేమతో వచ్చింది కాదు. ఒక సమావేశంలో ఆమెకు కోపం కట్టలు తెగి, అందరి ముందూ నన్ను 'నువ్వు' అనేసింది. మర్నాటి నుంచి తిరిగి 'మీరు' అయ్యాను, ఆ 'మీరు' మునుపటి 'మీరు' కంటే చాలా చల్లగా ఉండేది. కొన్ని నెలలకు అది మెల్లగా వెచ్చబడింది. ఆ తర్వాతెప్పుడో రెండో 'నువ్వు' వచ్చింది, దాన్ని ఇద్దరం విన్నాం, ఇద్దరం విననట్టు నటించాం. తెలుగులో రాస్తున్నారు కదా, ఈ పని చేయడానికి మీ నాయిక చేత అభిప్రాయం మార్పించనక్కరలేదు, ఒక్క సర్వనామం మారిస్తే చాలు.

రెండోది, అతను ఆమెకు పై అధికారా? ఆమె వార్షిక మదింపు రాసేది అతనే అయితే, ఆమె వాదనలో మెత్తబడిన ప్రతిసారీ పాఠకుడికి వేరే అనుమానం వస్తుంది. ఆ అనుమానం న్యాయమైనదే. మేము మా సంగతి యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలియజేశాం, ఆ వారమే నన్ను వేరే విభాగానికి మార్చారు. సంతోషంగా వెళ్ళానని చెప్పను. రెండేళ్ళు కష్టపడి నిర్మించుకున్న పనిని ఇంకొకరి చేతిలో పెట్టి వచ్చాను, ఆ బాధను ఆమె మీద చూపించిన రోజులూ ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారి స్పందన | పదిహేనో అధ్యాయం

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరిదీ ఒకే హోదా, ఆ అనుమానానికి తావు లేదు. ఎర్రసిరా గారి మాట విని రాత్రి మొదటి మూడు అధ్యాయాలు తిరగేశాను. ఆమె అతన్ని నాలుగు చోట్ల 'మీలాంటివాళ్ళు' అంది, అతను ఆమెను రెండు చోట్ల అన్నాడు. ఆరూ కొట్టేశాను. తీరా చూస్తే ఆ చోట్ల వారికి మాట్లాడుకోవడానికి ఏమీ మిగలలేదు. అంటే వాదన రాశాననుకుంటూ నేను రాసింది ఒట్టి దూషణ. ముందు ఆ రెండు పక్షాల వాదనలూ సరిగ్గా చదువుకొని మళ్ళీ రాయాలి, ముఖ్యంగా అతనిది. ఎందుకంటే నేను ఓటు వేసేది ఆమె వైపు.

గుమ్మం అవతల అతన్ని నిలబెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు, రెండు విధాలుగానూ రాసి చూస్తాను. 'నువ్వు చెప్పేదాంట్లోనూ నిజం ఉందేమో' అన్న వాక్యం మాత్రం పోయింది. ప్రస్తుతానికి ఆ చోట ఆమె, 'రేపటి సమావేశానికి మీరు ఎన్నింటికి వస్తున్నారు?' అని అడుగుతోంది.