ఒక్కరే ఎక్కే స్టేషన్‌ని ఉంచాలా, మూసేయాలా?

పల్లెబండి: జపాన్‌లోని హొక్కయిదోలో ఒక్క హైస్కూల్ అమ్మాయి కోసం క్యూ-షిరతాకి స్టేషన్‌ని నడిపి, ఆమె చదువయ్యాక 2016 మార్చిలో మూసేశారన్న పోస్టు మళ్లీ వాట్సాప్‌లో తిరుగుతోంది. సిబ్బంది లేని స్టేషన్ అది, అయినా ఉంచారు. రైల్వే అంటే అలా ఉండాలి. కాదనేవాళ్లు చెప్పండి.

శ్రీలత: ఆ పోస్టు 2016 జనవరిలో ఫేస్‌బుక్‌లో పాకినప్పుడు స్టేషన్ పేరే తప్పు. కమి-షిరతాకి అని రాశారు. మూసింది మార్చి 26న. హొక్కయిదోకి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) మొదలై, టైంటేబుల్ మారిన రోజది. కమి, క్యూ, షిమో అనే మూడు షిరతాకి స్టేషన్లూ ఆ రోజే పోయాయి. మిగతా రెండింట్లో ఎవరి చదువు పూర్తయిందట?

పల్లెబండి: అమ్మాయి రైలెక్కిందా లేదా?

శ్రీలత: ఎక్కింది. ఆమె కోసమే ఉంచారనడం వేరు.

పల్లెబండి: ఎక్కింది కదా, చాలు.

సప్పోరోవాసి: ఇక్కడ హొక్కయిదోలో పల్లె రైళ్లలో ఎక్కగానే మిషన్ నుంచి నంబరు చీటీ లాగుతాం. ముందు బోర్డు మీద ఆ నంబరు కింద ఛార్జీ పెరుగుతూ కనిపిస్తుంది. దిగేటప్పుడు చీటీ, చిల్లర డ్రైవర్ పక్కనున్న డబ్బాలో వేయాలి. గార్డు ఉండడు.

విశ్రాంత గార్డు: మనిషి లేకపోతే ఖర్చూ లేదనుకోకు తమ్ముడూ. హొక్కయిదో చలికాలంలో ప్లాట్‌ఫాం మీద మంచు ఎవరో ఒకరు ఎత్తాలి. ఒక్కరి కోసం ఎన్నాళ్లు ఎత్తుతారు?

పల్లెబండి: ఆ ఒక్కరు మీ ఇంట్లోవాళ్లయితే తెలుస్తుంది. మా ఊరి హాల్ట్‌లో ప్యాసింజర్ ఎత్తేశాక మా నాన్నని డయాలసిస్‌కి ఆటోలో తీసుకెళ్తున్నాం. పింఛన్‌లో సగం ఆటోకే. లెక్కలు నాకు చెప్పకండి.

విశ్రాంత గార్డు: మీ నాన్నగారి కష్టం విని బాధేసింది. కానీ అరిస్తే బండి రాదు. తన లైన్లలో దాదాపు సగం సొంతంగా నడపలేనని అక్కడి రైల్వే కంపెనీ జేఆర్ హొక్కయిదో 2016 నవంబరులోనే చెప్పేసింది. అక్కడి బక్కాయి స్టేషన్‌ని వక్కనాయ్ నగరం తన డబ్బుతో కొన్నాళ్లు నిలబెట్టి, ఇక కాదంది. 2025 మార్చిలో మూతపడింది.

శ్రీలత: కొబొరో స్టేషన్ మాత్రం ఉంది. సొరంగాల మధ్య, రోడ్డు కూడా లేని చోటు. ఫొటోల కోసం జనం వస్తారని తొయొఉర పట్టణం దానికి డబ్బు పెడుతోంది.

పల్లెబండి: చూశారా! చూడ్డానికొచ్చేవాళ్లకి స్టేషన్ ఉంటుంది, ఆస్పత్రికెళ్లే ముసలాయనకి ఉండదు. నేను మొదట్నుంచీ అడుగుతున్నది ఇదే.

శ్రీలత: అయితే ఆ అమ్మాయి కథ ఎందుకు మోస్తున్నారు? రైల్వే దయ తలిచిందని మెచ్చుకుంటే, రేపు దయ లేదని మూసేసినా అడగలేం. నాకు కావాల్సింది హక్కు. 1987లో జాతీయ రైల్వేని విడగొట్టి, జనం పలచగా ఉన్న హొక్కయిదోని ఒక కంపెనీకి వదిలేసింది ప్రభుత్వం. ఖర్చూ ప్రభుత్వమే పెట్టాలి.

విశ్రాంత గార్డు: అక్కడే నేను ఒప్పుకోను. ఊళ్లో పదిమంది మిగిలితే రైలెందుకు? ఇంటికొచ్చే వ్యాన్ పెట్టమనండి, సంతకం చేస్తాను.

పల్లెబండి: వ్యాన్ ముందు రానివ్వండి, రైలు సంగతి తర్వాత మాట్లాడదాం. మా దగ్గర రైలు పోయింది, వ్యాన్ రాలేదు.

సప్పోరోవాసి: క్యూ-షిరతాకి ఉన్న లైన్‌లోనే కమికావా, షిరతాకి స్టేషన్ల మధ్య ఇప్పుడు 37.3 కిలోమీటర్లు ఒక్క స్టేషనూ లేదు.