వడ్లు ఆరబోసిన రోడ్డు మీద సైకిల్ వాళ్ళకి హక్కుందా? ఫిర్యాదు పెడదామా, వద్దా?

పెన్నగట్టు (నెల్లూరు):
పోయిన ఆదివారం సైకిల్ మీంచి పడ్డాను. అరచెయ్యి చెక్కుకుపోయింది, మోకాలికి నాలుగు కుట్లు, హ్యాండిల్ ఒక పక్కకి తిరిగిపోయింది. జరిగింది చెప్తాను, మీ అభిప్రాయం కావాలి.

నేను వారానికోసారి తెల్లవారుజామున బయల్దేరి, పెన్నా వంతెన దాటి కోవూరు పోయి, అక్కణ్ణుంచి బొంబాయి రోడ్డు (హైవే) ఎక్కకుండా ఊళ్ళ రోడ్లు పట్టుకుని జొన్నవాడ పోతాను. కామాక్షమ్మ గుడి దగ్గర టీ తాగి, ఏటి ఒడ్డున కాసేపు కూర్చుని, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా వెనక్కి వస్తాను. మొత్తం 40 కిలోమీటర్ల లోపే. ఆ వేళకి కాలవలో నీళ్ళ చప్పుడు, చేలల్లో కొంగలు, అవతలి ఒడ్డున నరసింహకొండ. హారన్ వినపడదు. వారమంతా ఆఫీసులో పడే టెన్షన్ ఆ రెండు గంటల్లో దిగిపోతుంది.

ఆ రోజు 5 గంటలకి ఇంకా చీకటే. ఒక ఊరి పొలిమేరలో సగం రోడ్డు మీద వడ్లు, పైన నల్ల పట్ట, చుట్టూ తలకాయంత రాళ్ళు. రాళ్ళు చూసి కుడి పక్కకి తప్పుకున్నా. పట్ట కింద నుంచి జారిన గింజలు అక్కడ పలచగా పరుచుకుని ఉన్నాయి. నా టైరు వెడల్పు 28 మిల్లీమీటర్లు. కంగారులో ముందు బ్రేకు పట్టాను, అంతే.

రోడ్ల మీద ధాన్యం ఆరబోయకుండా చూడమని మండల ఆఫీసులో ఫిర్యాదు ఇద్దామని మా గ్రూపులో కొందరు అంటున్నారు. కాగితం రాసి పెట్టారు కూడా. సంతకం పెట్టాలా వద్దా తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నా.

ఊరికే చూస్తా:
లైటు లేకుండా పోయారా?

పెన్నగట్టు:
ఉంది సామీ. నల్ల రోడ్డు మీద నల్ల పట్ట, దాని మీద మంచు. దగ్గరకి పోయేదాకా తేడా తెలియలేదు.

కోవూరు పిల్లోడు:
అన్నా, దెబ్బ తగిలిందంటే బాధగానే ఉంది. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు మా ఇంట్లో సంగతి కూడా విను. మాది 4 ఎకరాలు, దాంట్లో రెండు కౌలు.

మా తాత రోజుల్లో కొడవలితో కోసేవాళ్ళు. పనలు చేలోనే ఆరేవి. తర్వాత కుప్పేసి, వీలు చూసుకుని కళ్లంలో నూర్చేవాళ్ళు. గింజ ఇంటికొచ్చేసరికి గలగలలాడేది. ఇప్పుడు కోత మిషన్ పొద్దున దిగితే మధ్యాహ్నానికి వడ్లు ట్రాక్టర్‌లో ఉంటాయి, పచ్చివి పచ్చిగానే. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. మా వడ్లు ఈ ఏడు మిషన్ కోసిన రోజు 23 చూపించాయి. ఆ 6 దించడానికి రెండు మూడు ఎండలు కావాలి, గట్టి నేల కావాలి. ఆరబెట్టకుండా అమ్మేద్దామంటే దళారి పుట్టికి ఇంతని కోస్తాడు. (బయటి జిల్లాల వాళ్ళకి: మా నెల్లూరు పుట్టి 850 కిలోలు. తూకం దగ్గరికొచ్చేసరికి ఆ పుట్టి కూడా సాగుతుంది, అది వేరే ఏడుపు.)

కళ్లంలో పోసుకోవచ్చు కదా అంటావేమో. మా ఊరి కళ్లం ఉన్న చోట ఇప్పుడు ప్లాట్లు, వాటికి సిమెంటు రాళ్ళు పాతారు. చేలో పోస్తే మట్టిబెడ్డలు కలిశాయని మిల్లులో వంక పెడతారు. తారు రోడ్డయితే కింద నుంచీ కాలుతుంది, పై నుంచీ కాలుతుంది. అందుకే రోడ్డెక్కాం.

ఇంకో మాట. ఊళ్ళో ఇన్ని రోడ్లుంటే నువ్వు మా రోడ్డే ఎందుకు పట్టుకున్నావు? బండ్లు తిరగవని. మేమూ అందుకే అక్కడ పోసుకున్నాం.

తూకంరాయి:
పైన తమ్ముడు చెప్పింది అంతా నిజమే, అయినా ఒప్పుకోను. భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ చూడండి. దారిలో మనుషులకి ప్రమాదం గానీ అడ్డంకి గానీ కలిగిస్తే 5,000 రూపాయల దాకా జరిమానా. పాత చట్టంలో ఇదే 283వ సెక్షన్, అప్పుడు 200 రూపాయలే. చట్టానికి పంట ఎవరిదన్నది పట్టదు.

సైకిల్ వాళ్ళని వదిలేయండి, వాళ్ళు సరదాకి వస్తారు, మానుకోగలరు. రాత్రి డ్యూటీ దిగి బైకు మీద ఇంటికొచ్చే కుర్రాడు మానుకోలేడు. మా పెదనాన్న కొడుకు అట్లాగే రాయి ఎక్కించి పడి, మూడు నెలలు కాలు ఎత్తిపెట్టుకుని మంచంలో ఉన్నాడు. వాడూ రైతు కొడుకే, రాళ్ళు పెట్టింది వరసకి మామ అయ్యే మనిషే. కేసు పెట్టగలడా? పెట్టలేదు. ఇంట్లో పెళ్ళికి పిలవలేదు, అంతే.

ఇక రాళ్ళు. వడ్లు ఎత్తేశాక వాటిని తీసేది ఎవరో చెప్పు తమ్ముడూ. నేను చూసినంతవరకు సంచులు కుట్టి, లారీ ఎక్కించి, దండం పెట్టుకుని పోతారు. రాళ్ళు మళ్ళీ పంట దాకా అక్కడే.

కోవూరు పిల్లోడు:
రాళ్ళ మాట ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను.

మాస్టారు, ఆత్మకూరు:
నేను గేర్లు లేని సైకిల్ మీద పాతికేళ్ళు బడికి పోయిన వాణ్ణి. గింజ కనపడితే దిగి నడిపించుకుని పోవడమే. నూరు గజాలు నడిస్తే అరిగిపోయేదేముంది? ఇప్పటి వాళ్ళకి దిగడం నామోషీ. చేతి గడియారంలో సగటు వేగం పడిపోతుందని మా మనవడు నిజంగా బాధపడతాడు.

మా మెట్ట వైపు వడ్లు కావు, కంది కట్టె, ఉలవ కట్టె. రోడ్డుకి అడ్డంగా పరిస్తే బస్సులే నూర్చి పెట్టేవి. డ్రైవర్లు తిట్టుకుంటూనే తొక్కించేవాళ్ళు. సాయంత్రానికి పొల్లు చెరిగి గింజ ఎత్తుకోవడమే. వరికి ఇది పనికిరాదు, చక్రం కింద నలిగితే మిల్లులో నూక అవుతుంది. కాబట్టి రాళ్ళు ఎందుకు పెడతారో నాకు అర్థమవుతుంది. మా మనవడి సైకిల్‌కి ఒకసారి ఉలవ కట్టె వెనక గేర్లలో చుట్టుకుంది. బ్లేడు పెట్టి కోసి తీసేసరికి అరగంట.

పెన్నగట్టు గారికి నా సలహా, కోతల కాలంలో డెల్టా జోలికి పోకండి. మార్చి, ఏప్రిల్‌లో మా వైపు రండి. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దారంతా మిట్టపల్లాలే. ఒక మిట్ట ఎక్కితే ముందున్న కొండ కాస్త పెద్దదవుతుంది, పల్లంలోకి దిగితే మాయమవుతుంది, మళ్ళీ ఎక్కితే ఇంకాస్త పెద్దదవుతుంది. అట్లా ఆడుకుంటూ ఉదయగిరి చేరతారు. కృష్ణదేవరాయలకి ఆ కోట పట్టుకోవడానికి ఏడాదిన్నర ముట్టడి పట్టింది, 1514లో దక్కింది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. మీకు అంత సేపు పట్టదులెండి. ఊళ్ళో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కేవాళ్ళ ఇళ్ళున్నాయి. ఒకటి కొనుక్కోండి, బరువుండదు. ఓపికుంటే సీతారామపురం మీదుగా భైరవకోన. నెల్లూరు జిల్లా దాటగానే వస్తుంది. కొండని తొలిచిన 8 గుహల్లో శివుడు. గుళ్ళంటే ఇష్టం లేకపోయినా ఆ రాతిపని చూడాలి. పొద్దున 9 దాటాక ఆ దారిలో నీడ ఉండదు, నీళ్ళు మాత్రం రెట్టింపు పెట్టుకోండి.

ఫిర్యాదు వద్దు.

ఒంగోలు బండి:
మీ గొడవ చూస్తే అసూయగా ఉంది. మాకు చీమకుర్తి గ్రానైట్ లారీలు. బండరాయి మోసుకుపోయే లారీ పక్కనుంచి పోతే సైకిల్ దానంతట అదే ఊగుతుంది. అందుకే మేము మద్దిపాడు దగ్గర హైవే దిగి మల్లవరం డ్యామ్ దాకా పోయి వస్తుంటాం. గుండ్లకమ్మ నీళ్ళు, పొద్దున పూట చేపలవాళ్ళు, అంతే మా సుఖం.

ఒకటి గమనించండి. వడ్లు పోసిన రోడ్డు మీద కార్లవాళ్ళు నెమ్మదిగా పోతారు. ఎత్తేసిన మర్నాడు అదే రోడ్డు మీద 80లో వస్తారు. పడితే నాకు మోకాలు చెక్కుకుపోతుంది, కారు గుద్దితే ఏం మిగులుతుందో మీరే చెప్పండి. వడ్లు ఆపించారనుకోండి, తర్వాత రోడ్డు బాగుందని వెడల్పు చేస్తారు, తర్వాత టిప్పర్లు వస్తాయి. అప్పుడు ఎవరి మీద ఫిర్యాదు పెడతారు?

తూకంరాయి:
ఇది వాదన కాదు, బెదిరింపు. కార్లు వేగంగా వస్తాయి కాబట్టి రాళ్ళు ఉండనీ అంటే, దొంగలొస్తారు కాబట్టి పాముని పెంచుకుందాం అన్నట్టుంది.

రెండు జడలు:
ఇంతమంది మగవాళ్ళు మాట్లాడారు, ఒక్కరూ చెప్పని సంగతి చెప్తా. ఖాళీ రోడ్డు మీకు ప్రశాంతం. నాకు కాదు. తెల్లవారుజామున ఒంటరిగా పోయే ఆడమనిషికి వెనక బైకు చప్పుడు వినిపిస్తే గుండె గొంతులోకొస్తుంది. కోతల కాలంలో మాత్రం నాకు ధైర్యం. ఎందుకంటే ప్రతి కుప్ప పక్కనా నులకమంచం వేసుకుని ఎవరో ఒకరు కాపలా ఉంటారు.

పోయినేడు ఎడగారు (రెండో పంట) కోతలప్పుడు సంగం దగ్గర్లో పంక్చర్ అయింది. పంపు ఉంది కానీ చేతులు వణికి ట్యూబు ఎక్కలేదు. వడ్ల దగ్గర పడుకున్న పెద్దామె లేచి, “ఏ ఊరమ్మా మీది? ఇంత పొద్దున్నే ఒక్కదానివే ఏందమ్మా” అని తిట్టింది. తిడుతూనే టార్చి పట్టుకుని నిలబడింది. ట్యూబు ఎక్కేదాకా కదల్లేదు. పోతూ పోతూ, “మీ అమ్మకి చెప్పి వచ్చావా?” అని కూడా అడిగింది. నాకు 34 ఏళ్ళు.

ఆ వడ్లు లేకపోతే ఆ రోడ్డు మీద ఆమె ఉండదు. నేను సంతకం పెట్టను.

పెన్నగట్టు:
నేను పడ్డ చోట కూడా మంచం ఉంది. చెప్పడం మర్చిపోయానో, చెప్పబుద్ధి కాలేదో. ఒక పెద్దాయన పరుగెత్తుకొచ్చి నన్ను లేపాడు, కుండలో నీళ్ళతో చెయ్యి కడిగాడు. “వడ్లు కనపళ్ళా అబ్బయ్యా?” అని అడిగాడు. కనపడలేదన్నా. ఆయన నా సైకిల్ ఎత్తి చూసి, చక్రం ఇంత సన్నమేంది అన్నాడు. అప్పుడు కోపంగా ఉన్నా కాబట్టి జవాబు చెప్పలేదు.

ఒక ప్రతిపాదన. రాళ్ళ బదులు ఎరువు సంచుల్లో ఇసుక నింపి పెడితే? సంచి తెల్లగా ఉంటుంది, లైటు పడితే దూరం నుంచే కనపడుతుంది. ఎక్కించినా మనిషి ఎగిరి పడడు.

కోవూరు పిల్లోడు:
ఇసుక ఎవరు తెస్తారన్నా? మట్టి నింపొచ్చు. కానీ సంచి మెత్తగా ఉందని తెలిస్తే ఆటోవాడు దాని మీదనుంచే పోతాడు, వడ్లతో సహా. రాయంటేనే వాళ్ళకి భయం. రాళ్ళకి సున్నం కొట్టమంటే కొడతా. అది ఖర్చు లేని పని.

తూకంరాయి:
సున్నం ఒక్క వానకి పోతుంది. నేను సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నా, నా పేరు మీదే. వడ్ల గురించి రాయడం లేదు. రాళ్ళ గురించీ, ఊరికొక సిమెంటు కళ్లం గురించీ రాస్తున్నా. రెండోది రాయమని నా భార్య చెప్పింది.

మాస్టారు, ఆత్మకూరు:
ఆ కాగితమైతే నా సంతకం కూడా వేసుకోండి.

పెన్నగట్టు:
మా గ్రూపు కాగితం మీద నేను పెట్టలేదు. ఆరుగురు పెట్టారు. నన్ను మెత్తవాడని అంటున్నారు, అననీ. కుట్లు తీశారు. ఈ ఆదివారం మళ్ళీ అదే దారి.

కోవూరు పిల్లోడు:
మా వడ్లు నిన్న ఎత్తేశాం. తేమ 16 వచ్చింది. రాళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి, చెరువు మలుపు దాటగానే ఎడమ పక్కన. చూసుకుని రా అన్నా. లేదా 6 గంటలకి అక్కడ ఆగు, ఇద్దరం కలిసి గట్టు కిందికి దొర్లిద్దాం. ఒక్కడికి లేవవు అవి.